చిప్‌లో లోపం.. కోట్ల ఫోన్లకు ముప్పు! ఇంతకీ నల్లమాడ జేబులో ఉన్న ఫోన్ సంగతేంటి?

ప్రాసెసర్‌లో లోపం బయటపడిందంటూ కొన్నాళ్లకోసారి ఒక వార్త వస్తూనే ఉంటుంది. ఎర్ర పట్టీ, సైరన్ మోత, ముఖం కనిపించకుండా టోపీ కప్పుకున్న మనిషి బొమ్మ.. ‘వెంటనే ఇలా చేయకపోతే ఖాతా ఖాళీ’ అంటూ థంబ్‌నెయిల్. శ్రీసత్యసాయి జిల్లా నల్లమాడలో చెనిక్కాయ రైతూ చూస్తాడు, బెంగళూరు పనికి పోయిన కొడుకు పంపే డబ్బు కోసం ఫోన్‌పే తెరిచే తల్లీ చూస్తుంది. వీడియో అయిపోయాక వాళ్లకు తెలిసిందేంటి? తమ ఫోన్‌లో ఆ చిప్ ఉందా లేదా.. అసలు కావాల్సిన ఆ ఒక్క ముక్క మాత్రం అందులో ఉండదు.

ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. నల్లమాడ లాంటి కరవు మండలంలో ఫోన్ అంటే ఇప్పుడు సినిమాలు చూసుకునే వస్తువు మాత్రమే కాదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే వేయాలన్నారు, రోజుకు రెండు ఫొటోలు. 2024 జనవరి 1 నుంచి ఆ కూలి డబ్బులు ఆధార్ లింకుతోనే ఖాతాలో పడే పద్ధతి తప్పనిసరైంది. నెల మొదట్లో సచివాలయ సిబ్బంది రూ.4 వేల పింఛను తెచ్చేది ఫోన్, వేలిముద్ర మిషన్ పట్టుకునే. రేషన్ షాపులో ఈ-పాస్. వాన పడక పంట పోయిన ఏడాది ఇల్లు గడిచేది వలసపోయినవాళ్లు పంపే యూపీఐ డబ్బుతోనే.

అలాంటి ఊళ్లో ‘మీ ఫోన్ చిప్‌లోనే దొంగ దూరాడు’ అని భయపెడితే ఏమవుతుంది? ఒకరు కంగారుపడి, ఎవరో వాట్సాప్‌లో పంపిన ‘సెక్యూరిటీ యాప్’ లింకు నొక్కేస్తారు. ఇంకొకరు ‘రోజూ ఉండే గోలేలే’ అని, రేపు వచ్చే అసలు హెచ్చరికను కూడా పక్కన పడేస్తారు. ఎటు చూసినా దెబ్బ జేబుకే.

అంతా మొదలైంది 2018 జనవరిలో

ప్రాసెసర్ లోపం అనే మాట ఇంటింటి వార్తగా మారింది 2018లో. ఆ ఏడాది జనవరి 2న ‘ది రిజిస్టర్’ అనే బ్రిటన్ టెక్ వెబ్‌సైట్ ఒక కథనం వేసింది. ఇంటెల్ ప్రాసెసర్ల డిజైన్‌లోనే లోపం ఉందని, సరిచేస్తే కంప్యూటర్లు 5 నుంచి 30 శాతం దాకా నెమ్మదించొచ్చని అందులో రాశారు. నిజానికి గూగుల్, ఇంటెల్, ఇతర కంపెనీలు జనవరి 9న చెబుదామని ముందే అనుకున్నాయి. వార్త లీకవడంతో 3వ తేదీనే వివరాలు బయటపెట్టక తప్పలేదు. ఒక లోపానికి మెల్ట్‌డౌన్, రెండోదానికి స్పెక్టర్ అని పేర్లు. వాటికి లోగోలు కూడా! స్పెక్టర్‌కి చేతిలో కట్టెపుల్ల పట్టుకున్న దెయ్యం బొమ్మ. టీవీలకు ఇంతకంటే ఏం కావాలి?

లోపాన్ని పట్టుకున్నవాళ్లలో గూగుల్ ప్రాజెక్ట్ జీరోలోని యాన్ హార్న్, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు, పాల్ కోచర్ వంటివాళ్లు ఉన్నారు. గూగుల్ ఈ సంగతి ఇంటెల్‌కి చెప్పింది 2017 జూన్‌లోనే. అంటే ఏడు నెలలు గుట్టుగా ఉంచారు. కుట్ర అనిపిస్తుంది కానీ ఈ రంగంలో పద్ధతే అది. ముందు కంపెనీకి చెబుతారు, మందు తయారయ్యాక లోకానికి చెబుతారు. మధ్యలో ఇంటెల్ సీఈఓ బ్రయాన్ క్రజానిచ్ 2017 నవంబర్‌లో కోట్ల డాలర్ల విలువైన సొంత షేర్లు అమ్ముకోవడం మాత్రం పెద్ద ప్రశ్నే అయింది. ఆ అమ్మకానికీ లోపానికీ సంబంధం లేదని ఇంటెల్ చెప్పుకొచ్చింది.

దోసె పెనం దగ్గర తెలిసిపోయే రహస్యం

అసలు ఆ లోపం ఏంటి? టిఫిన్ సెంటర్లో రోజూ వచ్చే మనిషి గుమ్మం దాటగానే, అడక్కముందే మాస్టర్ పెనం మీద దోసె పోసేస్తాడు. ఎక్కువసార్లు ఆ అంచనా నిజమవుతుంది, టైం కలిసొస్తుంది. ఎప్పుడైనా ఆ మనిషి ‘ఇవాళ ఇడ్లీ’ అన్నాడనుకోండి.. దోసె తీసి పక్కన పడేస్తాడు. బిల్లులో దోసె ఉండదు, లెక్కలో ఉండదు. కానీ పెనం వేడెక్కింది కదా! పక్కనుంచి ఆ వేడి చూసినవాడికి అక్కడ ఏం పోశారో తెలిసిపోతుంది.

ప్రాసెసర్ కూడా అంతే. వేగం కోసం తర్వాత రాబోయే పనిని ముందే ఊహించి చేసేస్తుంది. ఊహ తప్పితే ఫలితాన్ని పారేస్తుంది. పారేసినా దాని ఆనవాలు క్యాష్ అనే చిన్న మెమరీలో మిగిలిపోతుంది. ఏ సమాచారం ఎంత త్వరగా వస్తుందో గడియారం పెట్టి కొలిస్తే, చూడకూడని రహస్యాన్ని అక్షరం అక్షరం రాబట్టొచ్చు. ఇరవై ఏళ్లకు పైగా వేగం కోసం ప్రపంచమంతా మెచ్చుకున్న తెలివే ఇక్కడ కన్నంగా మారింది.

ఈ లోపంతో రహస్యాన్ని చదవొచ్చు తప్ప, డేటాను చెరపడం కుదరదు. అంతకంటే ముఖ్యం, దాడి చేసేవాడి ప్రోగ్రాం ముందుగా అదే మిషన్‌లో నడుస్తుండాలి. గాల్లోంచి వచ్చి ఫోన్‌లో దూరే దయ్యం కాదిది. బ్రౌజర్‌లో తెరిచిన వెబ్‌పేజీ ద్వారా స్పెక్టర్‌ను వాడే వీలుందని తేలితే, బ్రౌజర్ కంపెనీలు త్వరగానే మార్పులు చేశాయి. అసలు ఎక్కువ కంగారు పడింది ఒకే కంప్యూటర్‌ను పదిమందికి అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీలు. ఎందుకంటే అక్కడ పక్కపక్కనే ఎవరెవరి ప్రోగ్రాంలో నడుస్తుంటాయి. నల్లమాడ ఖాతాదారు సొమ్ము లెక్క కూడా ఊళ్లోని బ్రాంచి కంప్యూటర్‌లో ఉండదు, ఎక్కడో డేటా సెంటర్ సర్వర్‌లో ఉంటుంది. కాబట్టి ఆ మరమ్మతు సామాన్యుడికి సంబంధం లేనిదేం కాదు. కాకపోతే చేయాల్సింది అతను కాదు, సర్వర్ నడిపేవాళ్లు.

హడావుడిలో మీడియా ఒక్కటే తప్పటడుగు వేయలేదు. అమెరికాలో ఇలాంటి లోపాలపై సూచనలిచ్చే సెర్ట్ కోఆర్డినేషన్ సెంటర్ మొదట పరిష్కారం కింద ‘ప్రాసెసర్ మార్చండి’ అని రాసింది. అది అలాగే హెడ్డింగుల్లోకి ఎక్కింది. కాసేపటికి వాళ్లే ఆ మాట తీసేసి, అప్‌డేట్లు వేసుకోండి అని సరిదిద్దారు. మొదటి మాట ఊరంతా తిరిగింది. దిద్దిన మాటకు అంత పరుగు ఎక్కడిది?

మందు కూడా మొదట్లో వికటించింది. మైక్రోసాఫ్ట్ హడావుడిగా ఇచ్చిన విండోస్ అప్‌డేట్‌తో కొన్ని పాత ఏఎమ్‌డీ కంప్యూటర్లు ఆన్ కాకుండా పోయాయి, ఆ మిషన్లకు అప్‌డేట్ ఆపేయాల్సి వచ్చింది. జనవరి 22న ఇంటెల్ కూడా తన మైక్రోకోడ్ వేసుకోవడం ఆపండి, మిషన్లు వాటంతటవే రీస్టార్ట్ అవుతున్నాయని చెప్పింది. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల తండ్రి బి.ఎన్. యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం. ఆ మాట తెలుగువాళ్లకు ఇప్పుడు కొత్తగా చెప్పక్కర్లేదు, అన్నిసార్లు విన్నారు. నాదెళ్ల కంపెనీ ఇచ్చిన అప్‌డేట్‌తో ఎవరి కంప్యూటర్ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మాత్రం అన్నిసార్లు వినలేదు.

రూ.89 వేల ఫోన్‌కి ఉంది.. రూ.4,999 ఫోన్‌కి లేదు!

2018 నాటి వార్తల్లో అసలు తిరకాసు ఇక్కడుంది. ‘ప్రపంచంలోని ఫోన్లన్నీ ప్రమాదంలో’ అన్న మాట బాగా తిరిగింది. మరి చాలా మొబైళ్లలో ఉండే ప్రాసెసర్లను డిజైన్ చేసే ఆర్మ్ కంపెనీ ఏం చెప్పింది? ఏ కోర్‌లకు ఈ లోపం ఉందో జాబితా ఇచ్చింది. కార్టెక్స్ ఏ57, ఏ72, ఏ73, ఏ75 లాంటి వేగవంతమైనవి అందులో ఉన్నాయి. ఏ7, ఏ53 లేవు. ఎందుకంటే అవి చవక ఫోన్ల కోసం చేసిన నెమ్మది కోర్‌లు. వచ్చిన ఆర్డర్‌ను వచ్చిన వరసలోనే చేసుకుపోతాయి తప్ప, దోసె పెనం మాస్టర్‌లా అంత దూరం ముందుకు ఊహించవు.

అప్పట్లో మన పల్లెల్లో జనం చేతిలో ఉన్నవేంటి? 2017లో దేశంలో అందరికంటే ఎక్కువ అమ్ముడైన రెడ్‌మీ నోట్ 4లో స్నాప్‌డ్రాగన్ 625 చిప్. అందులో ఎనిమిది కోర్‌లూ ఏ53లే. 2017 నవంబర్ చివర్లో రూ.4,999కి వచ్చిన రెడ్‌మీ 5ఏలో స్నాప్‌డ్రాగన్ 425. అందులోనూ ఏ53లే. జియోఫోన్‌లో ఏ7 కోర్‌లు. షావోమీ మన దేశంలో మొదట ఫోన్లు తయారుచేయించింది కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే. 2015 ఆగస్టులో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటు నుంచి రెడ్‌మీ 2 ప్రైమ్ వచ్చింది. దాని చిప్‌లో ఉన్నదీ ఏ53 కోర్‌లే.

మరోపక్క యాపిల్ తన ఐఫోన్లు, ఐప్యాడ్‌లు, మ్యాక్‌లు అన్నింటికీ ఈ లోపం వర్తిస్తుందని 2018 జనవరి 4న తానే ఒప్పుకుంది. అంటే రూ.89 వేలు పెట్టి కొన్న ఐఫోన్ 10కి ఉన్న లోపం, చవక రెడ్‌మీకి లేదు. ఇది వెతికితే దొరకని రహస్యం కాదు. ఆర్మ్ జాబితా ఆ వారమే అందరికీ అందుబాటులో ఉంది. అదే ఏ53 కోర్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ సంగతి దాని సృష్టికర్త ఎబెన్ అప్టన్ జనవరి 5నే వివరంగా రాశాడు. ఒక్క ఫోన్ మోడల్ పేరు, పక్కన చిప్ పేరు పెట్టి చెప్పుంటే కరవు సీమలో చాలామందికి ఆ రాత్రి నిద్ర పట్టేది.

అయితే చవక ఫోన్ ఎప్పటికీ క్షేమమని దీనర్థం కాదు. తర్వాత బడ్జెట్ ఫోన్లకూ పెద్ద కోర్‌లు వచ్చాయి. 2020లో వచ్చిన రెడ్‌మీ నోట్ 9లోని హీలియో జీ85లో ఏ75 కోర్‌లు రెండున్నాయి. ఏ75 ఆ జాబితాలోనిదే. 2022 జూన్‌లో చెక్ పాయింట్ సంస్థ బయటపెట్టిన యూనిసాక్ మోడెం లోపమైతే నేరుగా చవక ఫోన్లదే. దూరం నుంచే ఫోన్ నెట్‌వర్క్‌ను స్తంభింపజేసే వీలున్న లోపం అది. ఐఫోన్ వాడేవాళ్లకు దాంతో పనే లేదు. ఏ చిప్ అన్నది చెప్పకుండా ‘మీ ఫోన్’ అనేయడం వల్ల ఒకసారి లేని భయం, ఇంకోసారి ఉన్న ప్రమాదానికి నిర్లక్ష్యం.. రెండూ పల్లె జనానికే మిగులుతున్నాయి.

భయం వెనుక బేరం కూడా ఉంటుంది

2018 మార్చి 13న ఇజ్రాయెల్‌కు చెందిన సీటీఎస్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో 13 లోపాలున్నాయని ప్రకటించింది. కంపెనీకి మామూలుగా ఇచ్చే గడువు 90 రోజులు. వీళ్లిచ్చింది 24 గంటలు కూడా కాదు. వెబ్‌సైట్ రెడీ, వీడియోలు రెడీ. ఆ వీడియోల్లో వెనక కనిపించే ఆఫీసులు ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలని నెటిజన్లు పట్టేశారు. అదే రోజు వైస్‌రాయ్ రీసెర్చ్ అనే మరో సంస్థ ఏఎమ్‌డీ షేరు విలువ సున్నా అంటూ రిపోర్టు ఇచ్చింది. సీటీఎస్ తన వెబ్‌సైట్‌లోనే, ఈ కంపెనీల షేర్లలో తమకు ఆర్థిక ప్రయోజనం ఉండొచ్చని కింద చిన్నగా రాసుకుంది. ఆ చిన్న అక్షరాలు చదవకుండానే వార్త వేసినవాళ్లు ఎంతోమంది. లోపాలు అబద్ధం కాదు, వారం తర్వాత ఏఎమ్‌డీ ఒప్పుకుంది. కాకపోతే వాటిని వాడుకోవాలంటే ముందే ఆ కంప్యూటర్ మీద పూర్తి అధికారం దొరికి ఉండాలి. బీరువా తాళాలు చేతిలో ఉన్నవాడు కిటికీ ఊచలు కోస్తాడా?

2020 ఆగస్టులో చెక్ పాయింట్ మరో వార్త ఇచ్చింది. క్వాల్‌కామ్ చిప్‌లలోని డీఎస్‌పీ అనే భాగంలో 400కు పైగా బలహీనతలు ఉన్నాయని, ప్రపంచ ఫోన్ మార్కెట్‌లో 40 శాతానికి పైగా క్వాల్‌కామ్‌దేనని చెప్పింది. హెడ్డింగులో 40 శాతం పెద్దగా వచ్చింది. అసలు మాట కథనం చివర్లో ఉండిపోయింది. ఈ దాడి జరగాలంటే ఫోన్ యజమాని ముందుగా ఒక దొంగ యాప్‌ను తానే వేసుకోవాలి. వాడకం జరిగినట్టు ఆధారాల్లేవని, నమ్మకమైన చోట నుంచే యాప్‌లు దించుకోవాలని క్వాల్‌కామ్ అప్పుడే చెప్పింది.

భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చే హెచ్చరికలదీ ఇదే కథ. ఆండ్రాయిడ్ ఫలానా వెర్షన్లు, క్వాల్‌కామ్, మీడియాటెక్, యూనిసాక్ భాగాల్లో లోపాలు, తీవ్రత ‘హై’.. అంటూ ఒక నోట్ వస్తుంది. అది అప్‌డేట్ వేసుకోండని చెప్పే మామూలు నోటీసు. వార్తగా మారేసరికి ‘కేంద్రం సంచలన హెచ్చరిక’ అయిపోతుంది. కరెంటోళ్లు నెలనెలా లైన్ చెక్ చేసిన రిపోర్టును పట్టుకుని ఊరు తగలబడుతోందని దండోరా వేసినట్టుంటుంది వ్యవహారం.

మరి చిప్ లోపాన్ని నిజంగా ఎవరూ వాడలేదా? వాడారు. 2024 అక్టోబర్‌లో క్వాల్‌కామ్ ఒక లోపాన్ని ప్రకటించి, కొద్దిమందిపై గురిపెట్టి దీన్ని వాడుతున్న సూచనలున్నాయని చెప్పింది. ఆ డిసెంబర్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ రిపోర్టుతో గుట్టు తేలింది. సెర్బియాలో పోలీసులు స్వాధీనం చేసుకున్న ఫోన్లను సెలెబ్రైట్ పరికరాలతో తెరిచారని, జర్నలిస్టులు, ఉద్యమకారుల ఫోన్లలో నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టారని అందులో ఉంది. ఇలాంటి ఖరీదైన ఆయుధాన్ని ప్రయోగించేది ఇలాంటి గురి మీద. చెనిక్కాయ అమ్మిన డబ్బు కోసం ఇంత కష్టపడేవాడెవడు? వాడికి అంతకంటే సులువైన దారులున్నాయి.

ఇక్కడ దోచేది చిప్‌ను కాదు

మెల్ట్‌డౌన్ హడావుడి జరిగిన ఆ 2018లోనే, జూన్‌లో తెలంగాణలో ఒక కేసు బయటపడింది. పెద్దపల్లి జిల్లాకు చెందిన ఓ సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసుకున్నాడు. స్టాంపుల తయారీ మిషన్‌తో వాటికి నకళ్లు చేసి, వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఇందులో ప్రాసెసర్ లోపం లేదు, హ్యాకర్ టోపీ లేదు. భూమి అమ్ముకున్న రోజు కాగితం మీద పెట్టిన బొటనవేలు ముద్ర చాలింది.

ఆ ముద్రల వ్యవహారానికి చిప్ స్థాయిలోనే మందు వేసింది ఆధార్ సంస్థ. ఎల్0 అనే పాత వేలిముద్ర మిషన్లలో ముద్రను రహస్య సంకేతంగా మార్చే పని పక్కనున్న ఫోన్, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చేసేది. ఎల్1 రకంలో ఆ పని మిషన్ లోపలున్న భద్రమైన చిప్‌లోనే అయిపోతుంది. మధ్యలో చేయిపెట్టే వీలు బాగా తగ్గుతుంది. పింఛను దగ్గర, బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టే అవ్వాతాతలకు నేరుగా తగిలే ప్రాసెసర్ భద్రత వార్త ఏదైనా ఉందంటే, అది ఇదే. అది వార్తల్లోకి ఎక్కేదెప్పుడు? ‘మిషన్ పనిచేయక పింఛను ఆగింది’ అన్నప్పుడు. మిషన్ ఎందుకు మార్చారో ఒక్క వాక్యం ఉంటే, తమ వేలిముద్ర విలువ ఏంటో ఆ ముసలమ్మకూ అర్థమయ్యేది.

ఇక రెండో దారి ఏపీకే ఫైల్. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో వస్తుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు వాడికి వెళ్లిపోతాయి. చిప్ లోపం వార్త చూసి భయపడి వెతికేవాళ్లకు దొరికే నకిలీ యాంటీవైరస్‌లూ ఈ కోవలోవే. మెల్ట్‌డౌన్, స్పెక్టర్‌లతో మామూలు జనం ఖాతాలు ఖాళీ చేసిన దాడి ఒక్కటీ ఇప్పటిదాకా నిరూపణ కాలేదు. ఏపీకేతో డబ్బు పోయినవాళ్లు మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నారు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోయి, ఆపడం కష్టమవుతుంది. ఆ నంబర్ స్క్రీన్ మీద కనిపించేది ఎంతసేపో సైరన్ మోగినంత సేపుతో పోల్చి చూసుకోవచ్చు.

అడగాల్సిన ప్రశ్న కంపెనీని

చిప్ లోపం ఏదైనా చివరికి మందు అప్‌డేట్ రూపంలోనే రావాలి. క్వాల్‌కామ్, మీడియాటెక్ మందు తయారుచేసి ఫోన్ కంపెనీకి ఇస్తాయి. ఫోన్ కంపెనీ దాన్ని ఆ మోడల్‌కు పంపాలి. రెండు మూడేళ్ల తర్వాత చాలా చవక మోడళ్లకు పంపడం మానేస్తుంది. పల్లెలో ఫోన్ జీవితం మాత్రం అంతకంటే పొడుగు. కొడుకు కొన్నది తండ్రికి వస్తుంది, గ్లాసు పగిలాక ఇంట్లో పిల్లల చదువుకు పోతుంది. ఐదో ఏట కూడా అందులో యూపీఐ నడుస్తూనే ఉంటుంది. అప్‌డేట్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. కొత్త లోపం వచ్చిందన్న ప్రతి వార్తా ఆ ఫోన్‌కి నిజమే. కాకపోతే ‘వెంటనే అప్‌డేట్ చేసుకోండి’ అన్న సలహా ఆ ఇంటికి పనికిరాదు. అప్‌డేటే రాదు కాబట్టి.

కంపెనీలు తలుచుకుంటే కుదరనిది కాదు. శాంసంగ్ 2024లో తెచ్చిన గెలాక్సీ ఏ16కి ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. అది లక్ష రూపాయల ఫోన్ కాదు. యూరప్‌లో అయితే 2025 జూన్ 20 నుంచి అమ్మకాలకు చట్టమే వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు ఉచితంగా అప్‌డేట్లు ఇవ్వాల్సిందే. అదే కంపెనీలు అక్కడ ఇచ్చేది ఇక్కడ ఎందుకివ్వవు? ఈ ప్రశ్నతో గంటసేపు టీవీ చర్చ పెట్టినా తప్పులేదు. సైరన్ కూడా వేసుకోవచ్చు.

అందాకా తమ ఫోన్ సంగతి తెలుసుకోవడం ఒక్క నిమిషం పని. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో చోటు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తేదీ ఈ మధ్య నెలలదైతే ఇబ్బంది లేదు. ఏళ్ల కిందట ఆగిపోయి ఉంటే ఆ ఫోన్‌లో పాటలు, వీడియోలు చూసుకోవచ్చు. బ్యాంకు యాప్, యూపీఐ మాత్రం ఇంట్లో ఉన్న కొత్త ఫోన్‌కి మార్చుకోవడం మేలు. వేలిముద్ర సంగతికొస్తే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. పింఛను, రేషన్ రోజున తెరిచి మళ్లీ వేసుకోవచ్చు. చేతకానివాళ్లు ఇంట్లో చదువుకున్న పిల్లలతో చేయించుకోవచ్చు.

కొత్త ఫోన్ కొనడానికి కదిరికో పుట్టపర్తికో వెళ్లినప్పుడు డబ్బా తిప్పి చూడండి. ఎమ్మార్పీ ఉంటుంది, తయారైన నెల ఉంటుంది, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెద్దక్షరాల్లో ఉంటుంది. అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయన్నది మాత్రం సాధారణంగా కనిపించదు. షాపువాడిని అడగండి. అతనూ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి వెతకాల్సిందే.